ఫైలు సంగతి తర్వాత, ముందు బోర్డు మీద పేరు చదవండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కావలి. ఆర్టీసీ బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. మా ఆయన జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటలు చూసుకుంటారు. షాపులో రెండు అసెంబుల్డ్ సిస్టమ్‌లు, ఒక హెచ్‌పీ ల్యాప్‌టాప్, హెచ్‌పీ ప్రింటర్, టీపీలింక్ రౌటర్ ఉన్నాయి. ఒక సిస్టమ్‌లో మా తమ్ముడు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. 2023లో కొన్నాం. ఐ7 13700కే ప్రాసెసర్, బోర్డు గిగాబైట్ బీ760 అట. ఈమధ్య అది పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతోంది. మొన్న నెట్‌లో ఏదో వెతుకుతుంటే "మీ బయోస్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి" అని ఎర్ర స్క్రీన్ వచ్చింది. కింద ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. తమ్ముడేమో యూట్యూబ్ వీడియో కింద లింకులోంచి ఏదో బయోస్ ఫైలు డౌన్‌లోడ్ చేసి పెట్టాడు. సిస్టమ్‌లు ఇచ్చినతను "బయోస్ జోలికి పోవద్దక్కా, బోర్డు డెడ్ అవుతుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? చేస్తే అన్నిటికీ చేయాలా? టెన్షన్‌గా ఉంది.
— ఒక సోదరి, కావలి

చెల్లెమ్మా, ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి ఆ ఫైలు మీద చెయ్యి వేయొద్దని చెప్పండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆ ఎర్ర స్క్రీన్ ఉత్త మోసం. బ్రౌజర్‌లో తెరుచుకున్న వెబ్ పేజీకి మీ మదర్‌బోర్డులో ఏ బయోస్ ఉందో కనపడే దారే లేదు. మీకు వచ్చినట్టే ఒంగోల్లో ఉన్నవాళ్లకూ, ఒంటిమిట్టలో ఉన్నవాళ్లకూ అదే అక్షరాలతో వస్తుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ అనే ప్రోగ్రాం వేసుకోమంటారు, ఆ తర్వాత మీ సిస్టమ్ వాళ్ల చేతిలోకి పోతుంది. బ్రౌజర్ మూసేయండి, అంతే. ఒకవేళ ఇప్పటికే ఫోన్ చేసి డబ్బులేమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

ఇక మీకు సిస్టమ్‌లు ఇచ్చినతని మాట. అతన్ని తప్పుపట్టను. అతను చెప్పింది సగం నిజం. బయోస్ అంటే మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో రాసి ఉండే ప్రోగ్రాం. మీరు బటన్ నొక్కగానే విండోస్ కంటే ముందు లేచి, ప్రాసెసర్‌నూ మెమరీనీ డిస్క్‌నూ లేపేది అదే. ఇలా వస్తువులోనే రాసి ఉండే ప్రోగ్రాంలన్నిటికీ కలిపి ఫర్మ్‌వేర్ అని పేరు. ప్రింటర్‌కు ఒకటి, రౌటర్‌కు ఒకటి, ఎస్‌ఎస్‌డీకి ఒకటి ఉంటాయి. విండోస్ చెడిపోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. బయోస్ సగంలో చెడితే మాత్రం స్క్రీన్ కూడా వెలగదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ లోకమంతా ఎన్నో కంప్యూటర్లలో బయోస్‌ను చెరిపేసి వాటిని చెక్కపెట్టెలు చేసింది. ఆ భయం మా తరం మెకానిక్‌ల ఒంట్లో ఇంకా పోలేదు. పైగా బాగు చేస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు, చెడితే మాత్రం షాపు ముందు నిలబడి అడుగుతారు. అతని బాధ అతనిది.

కానీ మీ ఆల్బమ్ సిస్టమ్ విషయంలో నేను అతని పక్షం కాదు. దానికి బయోస్ అప్‌డేట్ చేసి తీరాలి.

కారణం మీ ప్రాసెసర్. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ శక్తి తీసుకునే రకాలు కొన్ని పరిస్థితుల్లో ఉండాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ అడిగి, నెలలు గడిచేకొద్దీ లోపల దెబ్బతింటున్నాయని 2024లో బయటపడింది. మీ 13700కే కూడా ఆ జాబితాలోదే. దానికి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాం) దిద్దుబాట్లు ఇచ్చింది, వాటి నంబర్లు ఇవి: ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ. ఇవి బోర్డు కంపెనీలు ఇచ్చే బయోస్ అప్‌డేట్ ద్వారా మీ చేతికి వస్తాయి. మీరు 2023లో కొన్నారు కాబట్టి, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకపోతే ఇవేవీ దాంట్లో ఉండవు.

రెండో కారణం కూడా ఉంది, అది మీ బోర్డు కంపెనీకి సంబంధించినది. గిగాబైట్ బోర్డుల బయోస్ విండోస్ మొదలయ్యేటప్పుడు తనంతట తానే ఒక అప్‌డేట్ ప్రోగ్రాంను దించుతోందనీ, ఆ దించే పద్ధతి సరైన భద్రత లేకుండా ఉందనీ 2023 మే నెలలో ఎక్లిప్సియం అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. గిగాబైట్ వెంటనే కొత్త బయోస్‌లు ఇచ్చి దాన్ని సరిచేసింది.

"ఆగిపోవడానికి ఇదే కారణమా?" అంటే, కచ్చితంగా చెప్పలేం. ర్యామ్ వదులైనా, ఫ్యాన్‌లో దుమ్ము పట్టినా, పవర్ సప్లై అలిసిపోయినా ఆగిపోతుంది. బయోస్ కంటే ముందు క్యాబినెట్ విప్పించి దుమ్ము దులిపించండి. మన ఎండలకు అదొక్కటే సగం రోగాలు తగ్గిస్తుంది.

ఇప్పుడు అసలు పని. చాలామంది తప్పటడుగు ఇక్కడే వేస్తారు, మీ తమ్ముడితో సహా. ముందు ఫైలు వెతుకుతారు. ముందు తెలుసుకోవాల్సింది మీ దగ్గర ఉన్నది ఏ బోర్డు అని. "గిగాబైట్ బీ760 అట" అని రాశారు కదా, ఉత్తరం మీద నెల్లూరు జిల్లా అని మాత్రం రాసి పోస్టు చేసినట్టుంది అది. బీ760ఎం డీఎస్3హెచ్ అని ఒకటి ఉంది. అదే పేరుకు చివర డీడీఆర్4 అని ఉంటే వేరే బోర్డు. ఏఎక్స్ అని ఉంటే ఇంకోటి. ఏఎక్స్ డీడీఆర్4 మరోటి. వేటి ఫైలు వాటిదే. అన్నీ సరిపోయాక కూడా బోర్డు మూలన "రివిజన్ 1.0" అనో "1.1" అనో చిన్న అక్షరాలతో ఉంటుంది. గిగాబైట్ సైట్‌లో రివిజన్‌ను బట్టి పేజీలు వేరుగా ఉండొచ్చు. దుమ్ము దులిపించేటప్పుడే ఫోన్‌లో దాని ఫొటో తీసి పెట్టుకోండి.

సిస్టమ్ నడుస్తుండగా చూడాలంటే స్టార్ట్ మెనూలో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని కొట్టండి. "బేస్‌బోర్డ్ ప్రొడక్ట్" ఎదురుగా ఉన్నది బోర్డు పేరు, "బయోస్ వెర్షన్/డేట్" ఎదురుగా ఉన్నది ఇప్పుడున్న బయోస్. రెండూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ తేదీ 2024 సెప్టెంబరు కంటే ముందుదైతే మీ పని ఉన్నట్టే.

ఫైలు ఎక్కడ దొరుకుతుంది? తయారుచేసినవాళ్ల సొంత సైట్‌లో, మరెక్కడా కాదు. గూగుల్‌లో పేరు కొట్టగానే పైన వచ్చే మొదటి రెండు మూడు లింకులు ప్రకటనలు అయ్యుండొచ్చు, వాటిని వదిలేయండి. గిగాబైట్ సైట్ చిరునామా మీరే టైప్ చేసి, బోర్డు పేరుతో వెతికి, సపోర్ట్ విభాగంలో బయోస్ అన్నచోటికి వెళ్లండి. యూట్యూబ్ వీడియోలు ఎలా చేయాలో చూడటానికి పనికొస్తాయి, నేనూ చూస్తాను. వాటి కింద లింకులోంచి ఫైలు తీసుకోవడం వేరు. మీ ఆయన్ని అడగండి: రొయ్య పిల్లను గుంటలో వదిలే ముందు ఏ హ్యాచరీదో తెలియకుండా, పీసీఆర్ పరీక్ష కాగితం చూడకుండా, రోడ్డు పక్కన ఆపిన వ్యాన్‌లోంచి కొంటారా అని. బయోస్ ఫైలు కూడా సీడ్ లాంటిదే. లోపల ఏముందో కంటికి కనపడదు, వేశాక తెలిసేసరికి గుంట పోయి ఉంటుంది. "అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌తో" అని ఊరించే ప్రోగ్రాంలకూ ఇదే మాట. నా దృష్టిలో వాటి అవసరం ఎవరికీ లేదు.

సైట్‌లో ఫైళ్లు కొత్తవి పైన, పాతవి కింద ఉంటాయి. ఒక్కో దాని పక్కన ఏం మారిందో నాలుగు ముక్కలు రాసి ఉంటుంది. అవి చదవాలి. మైక్రోకోడ్ 0ఎక్స్12బీ అనో, అంతకంటే కొత్తదనో కనపడితే అది మీకు కావలసింది. "ముందు ఫలానా వెర్షన్ వేసి ఆ తర్వాతే ఇది" అని కొన్నిటికి షరతు ఉంటుంది, కొన్నిటికి "దీని తర్వాత వెనక్కి పోలేరు" అని ఉంటుంది. గిగాబైట్‌లో వెర్షన్ నంబరు చివర చిన్న ఇంగ్లిష్ అక్షరం తగిలించి ఉంటే అది ఇంకా పరీక్షలో ఉన్నదని. అన్నం పెట్టే సిస్టమ్ మీద ప్రయోగాలు వద్దు, అక్షరం లేనిది తీసుకోండి.

దించాక అది జిప్ ఫైలు. జిప్ అలాగే పెన్‌డ్రైవ్‌లో పెట్టి "కనపడటం లేదు" అని నాకు ఫోన్ చేసినవాళ్లు చాలామంది. విప్పి, లోపలి బయోస్ ఫైలు మాత్రం, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేయండి. కస్టమర్ల ఫైళ్లు తిరిగే పెన్‌డ్రైవ్ వద్దు, దాంట్లో ఏ వైరస్ ఉందో ఎవరికి తెలుసు. విండోస్‌లోంచి బయోస్ ఎక్కించే ప్రోగ్రాంలు కూడా ఉన్నాయి కానీ నేను వాడను. మధ్యలో విండోస్ తలతిక్క చేస్తే ఎవరిని అడుగుతాం? సిస్టమ్ ఆన్ చేస్తూనే డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది. గిగాబైట్‌లో ఎండ్ కీ నొక్కితే, బయోస్ ఎక్కించడానికి బోర్డులోనే ఉండే క్యూ-ఫ్లాష్ నేరుగా తెరుచుకుంటుంది. అది చాలు.

క్యూ-ఫ్లాష్ కంటే ముందు బయోస్ తెరలోకి ఒకసారి వెళ్లి మెమరీ, బూట్, స్టోరేజ్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. అప్‌డేట్ తర్వాత సెట్టింగ్‌లన్నీ మొదటికి వస్తాయి. మెమరీ వేగం కోసం ఎక్స్‌ఎంపీ పెట్టి ఉంటే పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. విండోస్ ఉన్న డిస్క్ కనపడకపోతే కంగారు పడకండి, స్టోరేజ్ సెట్టింగ్ మారి ఉంటుంది, మీ ఫొటో చూసి పాతట్టే పెట్టండి. తమ్ముడి ఆల్బమ్ ఫైళ్లు మాత్రం ముందే వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ కావాలి. దీనికి మినహాయింపు లేదు.

ఇక కరెంటు. ఈ విషయం రొయ్యల ఇంటివాళ్లకు నేను చెప్పాలా! ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో మీకు తెలుసు, ఇదీ అలాగే. సిస్టమ్ యూపీఎస్ మీద ఉంటేనే మొదలుపెట్టండి. ఆ యూపీఎస్ బ్యాటరీకి ఊపిరి ఉందో లేదో ముందు చూడండి. రెండో సిస్టమ్ దానికి తగిలించి, పని చేస్తుండగా యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి పీకేయండి. పది నిమిషాలు నిలబడితే మంచిది. పీకగానే కీచుమని అరిచి ఆరిపోతే ముందు బ్యాటరీ మార్పించండి. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్ముకోవద్దు, కరెంటు పోయినప్పుడు మారే ఆ క్షణంలో కొన్నిటి మీద కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. రోజూ కరెంటు నిలకడగా ఉండే వేళ ఏదో మీకే బాగా తెలుసు, ఆదివారం పొద్దున అనుకుందాం. నవంబరు, డిసెంబరులో వాయుగుండం అని రేడియోలో వినపడితే ఆ వారం దీని ఊసే ఎత్తొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు మన జిల్లాలో కరెంటు ఎలా ఆడుకుందో గుర్తుందిగా.

కరెంటు కంటే పెద్ద శత్రువు ఇంకోటుంది, మన తొందర. నా కథే చెబుతాను. పదేళ్లు దాటింది. నెల్లూరులో, స్టోన్‌హౌస్‌పేటలో ఒక స్నేహితుడి సిస్టమ్‌కు బయోస్ అప్‌డేట్ చేస్తున్నాను. ఫైలు సరైనదే, కరెంటు ఉంది, యూపీఎస్ ఉంది. నూరు శాతం చూపించి రీస్టార్ట్ అయింది, తెర నల్లగా మారింది. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. ఫ్యాన్ తిరిగి ఆగి మళ్లీ తిరిగింది. స్నేహితుడు నా మొహం చూస్తున్నాడు. పరువు పోతుందేమోనని పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. అది మళ్లీ లేవలేదు. అది లోపల ఇంకా రాసుకుంటోందని నాకు తర్వాత తెలిసింది. బోర్డు సంచీలో పెట్టుకుని పినాకినిలో చెన్నై వెళ్లి, రిచీ స్ట్రీట్‌లో ఒకతని చేత చిప్‌లోకి బయోస్ మళ్లీ రాయించుకుని వచ్చాను. రాయడానికి అతనికి పట్టింది కాసేపే. దానికోసం నాకు ఒక రోజంతా పోయింది, స్నేహితుడి భార్య చేతి చేపల పులుసు కూడా పోయింది.

కాబట్టి మొదలుపెట్టాక కుర్చీలోంచి లేచి టీ పెట్టుకోండి. తెర నల్లగా ఉండొచ్చు, రెండు మూడుసార్లు తనంతట తానే ఆగి లేవొచ్చు, కొత్త బయోస్ మెమరీని మళ్లీ అలవాటు చేసుకునేసరికి ఇంకొన్ని నిమిషాలు పట్టొచ్చు. అరగంట దాటే వరకు ఏమీ ముట్టుకోవద్దు. అప్పటికీ లేవకపోతే కూడా దారి మూసుకుపోలేదు. గిగాబైట్ బోర్డుల్లో చాలావాటికి క్యూ-ఫ్లాష్ ప్లస్ అనే బటన్ ఉంటుంది. స్క్రీన్ లేకున్నా పెన్‌డ్రైవ్‌లోంచి బయోస్ ఎక్కించే ఏర్పాటు అది. మీ బోర్డుకు ఉందో లేదో, ఫైలుకు ఏ పేరు పెట్టాలో, ఏ పోర్టులో పెట్టాలో మాన్యువల్ చూసి మొదలుపెట్టకముందే తెలుసుకోండి. నా స్నేహితుడి బోర్డుకు అది లేదు.

ల్యాప్‌టాప్ సంగతి చాలా తేలిక. దాని బయోస్ కోసం మీరు ఎక్కడా వెతకనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ అని వెళితే హెచ్‌పీ ఫర్మ్‌వేర్ అని కనపడొచ్చు. లేదంటే హెచ్‌పీ సపోర్ట్ సైట్‌లో కింద స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబరు కొట్టండి, మీ మోడల్‌కే సరిపోయినవి చూపిస్తుంది. ఛార్జర్ తగిలించి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చేయండి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనకు తెలియకుండానే డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం పడి ఉంటుంది. బయోస్ మారగానే "రికవరీ కీ ఇవ్వండి" అని 48 అంకెలు అడగొచ్చు. అవి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటాయి. ముందే లాగిన్ అయి, ప్రింట్ తీసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఎవరో కుర్రాడు తన ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే, ఆ కుర్రాడు దొరికే వరకు అప్‌డేట్ ఆపండి. హాస్యానికి అనడం లేదు.

ల్యాప్‌టాప్‌కు అప్‌డేట్లు వాయిదా వేయొద్దనడానికి ఇంకో కారణం: సిస్టమ్ లేచేటప్పుడు దొంగ ప్రోగ్రాంలు దూరకుండా చూసే సెక్యూర్ బూట్‌కు వాడే మైక్రోసాఫ్ట్ 2011 నాటి సర్టిఫికెట్ల గడువు తీరే కాలం 2026 జూన్‌తో మొదలు. కొత్తవి చాలావరకు విండోస్ అప్‌డేట్‌తోనే వస్తాయి, కొన్ని మోడళ్లకు కంపెనీ ఫర్మ్‌వేర్ కూడా కావాలి. గడువు తీరినా సిస్టమ్ లేవడం ఆగదు కానీ బూట్‌కు సంబంధించిన కొత్త రక్షణలు అందవు.

రౌటర్‌కు చేయండి. అది రాత్రీ పగలూ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉండే వస్తువు. వెనక స్టిక్కర్ మీద మోడల్ పక్కన వీ1, వీ2 అని ఉంటుంది, అది వేరైతే ఫైలూ వేరే. టీపీలింక్ ఇండియా పేజీలోంచే తీసుకుని, వైఫైతో కాకుండా కేబుల్ తగిలించిన సిస్టమ్‌లోంచి ఎక్కించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇప్పటికీ "అడ్మిన్" అనే ఉంటే ఆ పనిలో పనిగా మార్చేయండి. నెట్ ఇచ్చినవాళ్లు పెట్టిన ఫైబర్ పెట్టె జోలికి మాత్రం పోవద్దు, దాని అప్‌డేట్లు వాళ్లే పంపుకుంటారు.

ప్రింటర్‌ను వదిలేయండి. ఈ మాట చెబితే భద్రత తెలిసినవాళ్లు నన్ను కోప్పడతారు, తెలుసు. హెచ్‌పీ తన ప్రింటర్లు చాలావాటిలో "డైనమిక్ సెక్యూరిటీ" అని పెట్టింది. హెచ్‌పీ చిప్ లేని కార్ట్రిడ్జ్‌లను ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో ఆపేయవచ్చని వాళ్లే చెప్పుకుంటారు. 2016 సెప్టెంబరులో ఒక్కసారిగా ఎంతోమంది ఆఫీస్‌జెట్ ప్రింటర్లు బయటి ఇంకును తిరస్కరించాయి. పాత హెచ్‌పీ కార్ట్రిడ్జ్‌నే రీఫిల్ చేయించుకుంటే చిప్ అదే కాబట్టి పేచీ ఉండదంటారు. బయటి కంపెనీ కార్ట్రిడ్జ్ వాడుతుంటే మాత్రం అప్‌డేట్ చేసిన మర్నాడు, హాల్ టికెట్ల కోసం పిల్లలు బారులు తీరి నిలబడ్డప్పుడు మీ ప్రింటర్ మొండికేయొచ్చు. యూఎస్‌బీ కేబుల్‌తో నడుపుకోండి, నెట్‌కు కలపకండి.

ఎస్‌ఎస్‌డీ ఏ కంపెనీదో మీరు రాయలేదు. దాని కంపెనీ ఇచ్చే సొంత ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, శాంసంగ్‌కైతే మెజీషియన్. అందులో ఫర్మ్‌వేర్ ఉందేమో ఒకసారి చూడండి. 980 ప్రో అయితే తప్పక చూడండి, దాని పాత ఫర్మ్‌వేర్‌తో డిస్క్ ఉన్నట్టుండి చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా పోయిన సందర్భాలు ఉన్నాయి. హెచ్‌పీఈ అనే కంపెనీ ఆఫీసులకు అమ్మే సర్వర్లలో కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని 2019లో తేలింది. మూడేళ్ల 270 రోజుల 8 గంటలన్నమాట. ఎవరో ఫర్మ్‌వేర్‌లో గంటలు లెక్క పెట్టుకునే చోట చిన్న పెట్టె ఇచ్చారు, అంకె నిండగానే తిరగబడింది. ఫర్మ్‌వేర్ మార్చితే సరిపోయింది, గంటలు నిండకముందే మార్చినవాళ్లకు.

రెండో సిస్టమ్ గురించి మీరు ఏ ఫిర్యాదూ రాయలేదు. దాని బోర్డు పేజీ తెరిచి, కొత్త బయోస్‌ల పక్కన భద్రతకు సంబంధించిన మాట ఏమైనా ఉందేమో చదవండి. ఉంటే ఆల్బమ్ సిస్టమ్ మీద చెయ్యి తిరిగాక చేయండి. "కొత్త ప్రాసెసర్లకు సపోర్ట్" అని మాత్రమే ఉంటే వదిలేయండి.

చివరగా ఒక్క మాట, డబ్బుతో ముడిపడింది. ఆ మైక్రోకోడ్ జరగబోయే నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయిన నష్టాన్ని బాగుచేయదు. బయోస్ మార్చాక రెండు వారాలు చూడండి. అప్పటికీ ఆల్బమ్ మధ్యలో ఆగిపోతుంటే, ర్యామ్, పవర్ సప్లై మార్చి చూసినా తగ్గకపోతే, ప్రాసెసర్ మీద అనుమానపడాలి. పెట్టెతో అమ్మిన ఈ ప్రాసెసర్లకు ఇంటెల్ మూడేళ్ల వారంటీని ఇంకో రెండేళ్లు పెంచింది, అంటే మీకు 2028 వరకు ఉంటుంది. పెట్టె లేకుండా విడిగా వచ్చిందైతే అమ్మినతని ద్వారా అడగాలి. 2023 నాటి బిల్లు, ప్రాసెసర్ పెట్టె అటక మీద ఎక్కడున్నాయో ఈ రాత్రికే వెతికించండి.